పూడ్చేసిన నూట ఇరవై మీటర్లు

కిందటి వారం మనం పాతడిపో బస్తీలో, నీళ్ల కోసం మెడలు చాచి చూస్తున్న జనం మధ్య ఆగిపోయాం. రంగత్ బజారుకు ఆరు కిలోమీటర్ల అవతల, అడవిశాఖ వాళ్ల పాత కలప డిపో చుట్టూ పుట్టిన అరవై రెండిళ్ల బస్తీ అది. కొత్తగా వేసిన మంచినీళ్ల పైపులైనును పరీక్షించడానికి జూనియర్ ఇంజనీరు సుష్మ వచ్చి వాల్వు తిప్పింది. ముందున్న నలభై ఇళ్ల కుళాయిలు ఒక్కసారిగా దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, తర్వాత తేటనీళ్లు పోశాయి. కొండవారగా ఉన్న బాట మొదలయ్యే మలుపు దగ్గర్నుంచి మిగిలిన ఇరవై రెండిళ్ల కుళాయిలు మాత్రం చుక్క రాల్చలేదు. పైపులో గాలి పట్టి ఉంటుంది, రేపటికి వదులుతుందిలెండి అని అందరికీ ధైర్యం చెప్పి సుష్మ స్కూటీ ఎక్కింది.

ఆ రేపు తెల్లారింది. మార్చి ముప్పై ఒకటి.

గవర్నమెంటు పనులు చేయించేవాళ్లకి ఏడాదికి పన్నెండు నెలలు ఉండవు. ఉన్నది ఒక్కటే నెల, దాని పేరు మార్చి. మిగతా పదకొండూ దానికోసం ఎదురుచూస్తూ ఆవులించే నెలలు. దీవుల్లో అయితే దీనికి ఇంకో చిక్కు కూడా తోడవుతుంది. పని చేసే మనిషి ఇక్కడుంటాడు, పైపూ సిమెంటూ చెన్నై రేవులో ఉంటాయి, మధ్యలో సముద్రం ఉంటుంది. సముద్రానికి ఆర్థిక సంవత్సరం సంగతి తెలియదు. అందుకని ఇక్కడి ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఒక అలవాటు పాతుకుపోయింది. షిప్పు ఎలాగూ వస్తుంది కదా అని పనిని ముందు పుస్తకంలో పూర్తి చేసేస్తారు, తర్వాత నేల మీద పూర్తి చేస్తారు. నూటికి తొంభైసార్లు నిజంగానే పూర్తి చేస్తారు కూడా. అందువల్లే అది తప్పని ఎవరికీ తోచనంత పాతబడిపోయింది ఆ అలవాటు.

ఉదయం ఏడు గంటలకు సుష్మ క్వార్టరు తలుపు తీసేసరికి మెట్ల మీద గవరయ్య కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో, పక్కన నాలుగు బీడీ ముక్కలున్నాయి. పోర్ట్‌బ్లెయిర్ కాంట్రాక్టరు గణేశ్వరరావు దగ్గర ఇరవై ఏళ్లుగా మేస్త్రీ అతను. ఈ పైపులైను పనంతా అతని చేతుల మీదుగానే జరిగింది. సుష్మ తండ్రీ అతనూ ఒకప్పుడు పోర్ట్‌బ్లెయిర్ పక్క గరాచర్మలో ఒకే ముఠాలో తాపీపని చేసినవాళ్లు. తండ్రి పోయాక సుష్మ పాలిటెక్నిక్ ఫీజుల రోజుల్లో ఆ ఇంటి తలుపు తట్టి బియ్యం బస్తా దించి వెళ్లిన మనిషి. సైటులో నలుగురి ముందు మేడమ్ అంటాడు, ఎవరూ లేకపోతే సుస్మమ్మా అంటాడు. ఆ పిల్ల ఎప్పుడూ మావయ్యా అనే పిలుస్తుంది.

లోపలికి రమ్మంటే రాలేదు. టీ తాగమంటే వద్దన్నాడు. గవరయ్య టీ వద్దన్నాడంటే ఏదో పెద్ద విషయమే అని సుష్మకు అప్పుడే అనిపించింది.

"సుస్మమ్మా, అది గాలి కాదమ్మా," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఆ బాటలో అసలు పైపే లేదు."

సుష్మకు మొదట అర్థం కాలేదు. అతను మళ్లీ చెప్పాడు. యర్రమ్మ ఇంటి మలుపు నుంచి కొబ్బరిచెట్ల దాకా నూట ఇరవై మీటర్లు. గొయ్యి తవ్వారు. పైపు వెయ్యలేదు. పూడ్చేశారు.

"ఐసా కౌన్ కర్తా హై మావయ్యా? పైపు పెట్టకుండా గొయ్యి ఎవరైనా పూడుస్తారా?"

"శవం పోవాలి గదమ్మా," అన్నాడు గవరయ్య.

ఆ తర్వాత అతను చెప్పినదంతా వరసగా చెబుతాను, ఎందుకంటే అతను వరసగా చెప్పలేదు. మార్చి పదకొండో తారీకున యర్రమ్మ భర్త రాముడు చనిపోయాడు. డిపోలో ఏనుగులతో దుంగలు లాగించిన కాలం నాటి మనిషి, బస్తీకి పెద్ద. బస్తీవాళ్ల శ్మశానం ఆ బాట చివర, ఇసక ఒడ్డున ఉంది. వేరే దారి లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క మడఅడవి బురద, నడుమ ఉన్న ఆ సన్నటి బాట పొడుగునా అప్పటికి పైపు కోసం తవ్విన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. మనుషులైతే అంచు పట్టుకుని ఒకరి వెనక ఒకరు పోవచ్చు. పాడె అలా పోదు. నలుగురు మోయాలి, ఇద్దరు గొయ్యికి ఇటు, ఇద్దరు అటు నడవాలి. అంటే శవం గొయ్యి మీదుగా ప్రయాణం చెయ్యాలి. అది వాళ్లలో జరగకూడని పని. తెరిచిన గొయ్యి మీదుగా పాడె పోతే ఆ గొయ్యి ఏడాదిలోగా ఆ బస్తీలోనే ఇంకొకర్ని అడుగుతుందని వాళ్ల నమ్మకం. ఒడిషా నుంచీ శ్రీకాకుళం నుంచీ వాళ్ల తాతలు ఓడలో తెచ్చుకున్న సామాన్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి, సామాన్లు పోయాయి గానీ ఇవి పోలేదు.

పలకలు వేద్దామన్నారు ఎవరో. పలక కింద గొయ్యి గొయ్యే కదా అన్నారు పెద్దలు. చివరికి బస్తీ బస్తీ అంతా పారలు పట్టుకుంది. ఆడవాళ్లు తట్టలు మోశారు. గవరయ్య కూడా తలపాగా చుట్టి దిగాడు. రెండు గంటల్లో నూట ఇరవై మీటర్లూ పూడ్చి, కాళ్లతో తొక్కి గట్టిపరిచి, దాని మీదుగా రాముణ్ని మర్యాదగా సాగనంపారు. గొయ్యి అడుగున పరిచిన ఇసక కిందే పైపు ఉందని బస్తీవాళ్లు అనుకున్నారు, లేదని తెలిసింది గవరయ్యకే.

అప్పటికి ఆ ముక్కకి వెయ్యాల్సిన పైపు రానే లేదు. చుట్టన్నర నల్లపైపు, అంతే. పద్దెనిమిదో తారీకు షిప్పులో వస్తుంది, రాగానే మళ్లీ తవ్వి వేసేద్దాం అనుకున్నాడు గవరయ్య. ఆ షిప్పు మరమ్మతుకి డాక్‌లోకి పోయింది. తర్వాతది ఏప్రిల్ నాలుగున అన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది సుష్మ. "నేను పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఫోన్ చేసినప్పుడు అయిపోయిందన్నావు కదా మావయ్యా."

గవరయ్య బీడీ ముక్కల్ని ఒక్కొక్కటీ ఏరి చేతిలో పెట్టుకున్నాడు. "నువ్వు ఆసుపత్రిలో అమ్మ పక్కన ఉన్నావు. కంటి ఆపరేసను. ఆ టైములో నీకు టెన్సన్ ఎందుకు ఇవ్వాలని. షిప్పు వచ్చీస్తాది, నువ్వొచ్చే టైముకి పైపు పడిపోద్ది, బస్, ఎవులికీ తెలీదు అనుకున్నాను. పాతికేళ్లనుంచి ఇలాగే సేత్తన్నామమ్మా. ఎప్పుడూ తేడా రానేదు."

సుష్మకు కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని అతని మీద ఎక్కువసేపు నిలబెట్టలేకపోయింది, ఎందుకంటే తప్పులో రెండో సగం తనది. తను పంతొమ్మిదిన తిరిగొచ్చింది. ఇరవైన కొలతల పుస్తకం పైకి పంపాలి. ఆ ఉదయం ఆ బాట మీద నడిచింది కూడా, పాదాల కింద మట్టి గట్టిగా తగిలింది. మట్టిలో కప్పబడిపోయే పనిని కప్పకముందే కొలవాలని మొదటి ఏడాది నుంచీ బుర్రకెక్కించిన పాఠం. పూడ్చాక కొలవాలంటే నాలుగుచోట్ల తవ్వించి చూడాలి. తవ్వించమని చెప్పడానికి నోరు రాలేదు. మావయ్య అయిపోయిందన్నాడు కదా. ఆఫీసులో బల్ల దగ్గర కూర్చుని మెజర్‌మెంట్ బుక్కు తెరిచి పొడవు నూట ఇరవై, లోతు ఇంత, కింద పరిచిన ఇసక ఇంత, పైపు వేసి పూడ్చడమైనది, స్వయంగా కొలిచాను అని రాసి కింద సంతకం చేసింది. ఆ పుస్తకంలో పేజీలకు నంబర్లుంటాయి. చింపడానికి లేదు, చెరపడానికి లేదు. రాసిన అబద్ధం రాసిన చోటే ఉంటుంది.

"ఇంకో మాట," అన్నాడు గవరయ్య లేచి నిలబడి. "నన్నేటన్నా పర్లేదు. గానీ ఇది యర్రమ్మకి తెలీకూడదమ్మా. దాని మొగుణ్ని మోసుకెళ్లడానికే పైపెయ్యకండా పూడ్చినామని, అందుకే ఆ పక్కోళ్లకి నీళ్లు రానేదని తెలిస్తే, ఆ ముసల్ది బస్తీలో మొకం ఎత్తలేదు."

ఇక్కడ సుష్మ ఏడ్చిందని రాస్తే బాగుండును. ఏడవలేదు. స్కూటీ తాళాలు తీసుకుని, గవరయ్యను వెనక ఎక్కించుకుని బస్తీకి బయల్దేరింది. వెళ్లి ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు, కానీ క్వార్టర్లో కూర్చుంటే మాత్రం ఏం తెలుస్తుంది?

బస్తీలో పండగలా ఉంది. నీళ్లు వచ్చిన నలభై ఇళ్లవాళ్లు కుళాయిలకు పసుపు రాసి బొట్లు పెట్టారు. బెంగాలీ ఇంటామె ఒకావిడ కుళాయి మెడకు బంతిపూల దండ వేసింది. వాకిట్లో బట్టలు ఉతుకుతున్నారు. అసలు పనే లేకపోయినా కుళాయి తిప్పి చూసి కట్టేస్తున్నారు. ఏళ్లకేళ్లు రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చున్న వాళ్లు. చెట్ల ఆకులు రాలే ఈ ఎండాకాలంలో వాగు ఎండిపోతే ఆ ట్యాంకరే వాళ్లకి వాగూ చెరువూ అన్నీ.

ట్యాంకరు కూడా వచ్చే ఉంది, మలుపులో. డ్రైవరు మల్లేశు గొట్టం పట్టుకుని ఆఖరి బిందెలు నింపుతున్నాడు. సుష్మను చూసి నవ్వాడు. ఇదే తన ఆఖరి ట్రిప్పని, పైపులైను పూర్తయ్యేదాకానే ట్యాంకరని ఆర్డరులో రాసి ఉందని, రేపట్నుంచి బండిని మాయాబందర్ వైపు వెయ్యమన్నారని చెప్పాడు. మంచి పని చేశారు దీదీ, ఈ గతుకుల్లో నా నడుం పోయేది అని కూడా అన్నాడు. సుష్మ తల ఊపి ముందుకు నడిచింది.

బాటకు ఈ చివర, తన ఇంటి ముందు, యర్రమ్మ కుళాయి దగ్గర కూర్చుని ఉంది. పెద్దకర్మ అయి తొమ్మిది రోజులే అయింది. గాజుల్లేని చేత్తో కుళాయి మీద పడిన దుమ్ము తుడుస్తోంది. ఆమె ఇంటి నుంచే ఆ ఇరవై రెండిళ్లు మొదలవుతాయి. సుష్మను చూడగానే లేవబోయింది, మోకాళ్లు సహకరించక మళ్లీ కూర్చుంది.

గాలి వదిలిందా తల్లీ అని అడిగింది. రాత్రి రెండుసార్లు లేచి తిప్పి చూశానంది. రాలేదని దిగులేం లేదు, ముందు వాళ్లకి వచ్చింది కదా, నీళ్లకి దారి తెలిసింది, మన దాకా కూడా వస్తాయి అని తనే సర్దిచెప్పింది. ఉన్న ఒక్క బిందెలో నుంచి గ్లాసుడు నీళ్లు ముంచి సుష్మ చేతికిచ్చింది. మల్లేశు పోసిన ఆఖరి నీళ్లవి. వద్దంటే నొచ్చుకుంటుంది, తాగితే ఆ ఇంట్లో ఒక పూట నీళ్లు తగ్గుతాయి. సుష్మ తాగింది.

గవరయ్య దూరంగా నిలబడి ఆమె ముఖంలోకి చూడకుండా కొండకేసి చూస్తున్నాడు. చెప్పేద్దామని సుష్మ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ యర్రమ్మ ఏదో చల్లటి మాట అంది. మంచివాళ్లతో ఉన్న బాధ ఇదే, నిజం చెప్పడానికి చోటివ్వరు.

పదకొండు గంటలకు ఆమె రంగత్‌లో ఆఫీసు మెట్లెక్కింది. అంతకుముందే బజారులో పైపుల దుకాణాలు రెండూ తిరిగింది. ఇళ్లలో వేసుకునే సన్నపైపు తప్ప మెయిన్ లైనుకి పనికొచ్చే సైజు లేదు. మాయాబందర్ స్టోరుకు ఫోన్ చేసింది, లేదన్నారు. గణేశ్వరరావుకు ఫోన్ చేసింది. షిప్పు రానీ మేడమ్, పైపుదేముంది అన్నాడు ఆయన. మాట మెత్తగానే ఉంది గానీ అందులో తేదీ లేదు.

అసిస్టెంట్ ఇంజనీరు ఫణికుమార్ గదిలో బల్ల నిండా ఫైళ్లు, ఫైళ్ల నిండా రంగురంగుల చీటీలు. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి ఇరవై రెండేళ్లు, పోర్ట్‌బ్లెయిర్ పక్క ఆస్టినాబాద్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడివాడైపోయిన మనిషి. కేకలెయ్యడు. తప్పు చేసినవాణ్ని కూడా ముందు కూర్చోమంటాడు. సుష్మను కూడా కూర్చోమన్నాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. శవం గురించి చెప్పింది, షిప్పు గురించి చెప్పింది, బల్ల దగ్గర రాసిన కొలతల గురించి చెప్పింది. ఏదీ గవరయ్య మీదకి నెట్టలేదు. తనను తిడతాడని, మెమో ఇస్తాడని, కనీసం పెన్ను బల్ల మీద విసురుతాడని ఎదురుచూసింది. తిడితే కొంచెం తేలికయ్యేది.

ఫణికుమార్ మెజర్‌మెంట్ బుక్కును ఆమె వైపు తిప్పి ఆ పేజీ తెరిచాడు. ఆమె సంతకం కింద ఇంకో సంతకం ఉంది. సైటులో తనిఖీ చేసి సరిచూశాను అన్న మాట కింద, ఇరవై మూడో తారీకుతో.

"ఆ రోజు నేను రంగత్ దాటి ఎక్కడికీ వెళ్లలేదమ్మా," అన్నాడాయన. "నువ్వు రాశావు కదా అని పెట్టాను."

 సుష్మ అప్పుడు కూర్చుంది.

మేస్త్రీ మాట మీద జూనియర్ ఇంజనీరు, ఆ పిల్ల మాట మీద అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన సంతకం మీద పైవాళ్లు. అందరూ ఒకరినొకరు నమ్మారు. ఒక్కడైనా పార పట్టుకుని ఒక్క పోటు వేసి ఉంటే తెలిసిపోయేది. దొంగలైతే ఎక్కడో ఒకచోట దొరికేవాళ్లు. వీళ్లు మంచివాళ్లు కావడం వల్ల దొరకలేదు.

రెండే దారులున్నాయని ఫణికుమార్ చెప్పాడు. ఆ వాక్యం మీద అడ్డగీత గీసి, కారణం రాసి సంతకం చెయ్యొచ్చు. అప్పుడు పని పూర్తి కానట్టు. ఈ సాయంత్రంతో మంజూరు చచ్చిపోతుంది. మళ్లీ ఎస్టిమేటు, మళ్లీ టెండరు. అలా వెనక్కిపోయిన పని మూడేళ్లలోపు తిరిగొచ్చింది తన సర్వీసులో చూడలేదు. పూర్తికాని లైనుకు పంపు నడపడానికి వీల్లేదు గనుక ఇప్పుడు నీళ్లొస్తున్న నలభై కుళాయిలూ రేపు కట్టెయ్యాలి. ట్యాంకరు మాత్రం ఎప్పటిలా వస్తుంది. గీత గియ్యకపోతే పని పూర్తయినట్టు. నలభై ఇళ్లకి నీళ్లు. ఇరవై రెండిళ్లకి కుళాయీ లేదు, ట్యాంకరూ లేదు, గణేశ్వరరావు ఆ చుట్టన్నర పైపు పంపేదాకా. ఒకసారి పని మూసేశాక పంపి తీరాలన్న బలవంతం ఆయన మీద ఏమీ ఉండదు.

"ట్యాంకరు ఒక్క పదిరోజులు ఉంచమని అడగండి సార్."

ఫణికుమార్ అడిగాడు. ఆమె ముందే ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి మరీ అడిగాడు. అవతలి అధికారి విసుక్కోలేదు కూడా. పని పూర్తయితే ట్యాంకరెందుకు, ట్యాంకరు కావాలంటే పని పూర్తి కానట్టే కదా, రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి అన్నాడు. అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి నిజమైన జవాబు ఏ కాయితం మీదా పట్టదు.

"నీకు నేను చెప్పను సుష్మా," అన్నాడు ఫణికుమార్ ఫోన్ పెట్టేసి. "గీత గీసినా సరే, గీయకపోయినా సరే. నువ్వు ఏది రాస్తే దాని కింద నేను సంతకం పెడతాను. నా గురించి ఆలోచించకు."

నా గురించి ఆలోచించకు అని ఎవరైనా అంటే ఇంక వాళ్ల గురించి తప్ప వేరే ఆలోచన వస్తుందా? గీత గీస్తే ఇద్దరి మీదా విచారణ. ఆయన కూతురి పెళ్లి మే నెలలో. గవరయ్యకి ఈ వయసులో పని ఇచ్చేవాడుండడు. తన తల్లి రెండో కంటికి ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంది. కానీ నిజం చెప్పాలంటే సుష్మ మనసులో ఎక్కువసేపు నిలిచినవి ఇవేవీ కావు. పొద్దున ఆడవాళ్లు ఊరికే తిప్పి చూసి కట్టేసిన ఆ నలభై కుళాయిలు నిలిచాయి. వాటి మెడకు తను తాళం వెయ్యాలి. లేదా యర్రమ్మ బిందె ఖాళీ అవుతుంటే చూస్తూ ఊరుకోవాలి. ఎవరి గొంతు ఎండాలో తేల్చే పని, ఇరవై ఏడేళ్ల పిల్లకి, రూల్డు పేజీ మీద ఒక గీతలో పెట్టి ఇచ్చారు.

మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్న గవరయ్య కూడా తినలేదు. నాలుగో తారీకు షిప్పు దిగగానే, గణేశ్వరరావు ఇచ్చినా ఇవ్వకపోయినా, తన పెళ్లాం మెడలోది కుదవపెట్టయినా పైపు కొని తెచ్చి తన చేత్తో వేస్తానని ప్రమాణం చేశాడు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి, అడవి దారిలో బళ్లన్నీ గుంపుగా పోయే కాన్వాయ్‌లో, లారీ మీద తెస్తే ఐదో తారీకు సాయంత్రానికి ఇక్కడుంటుంది, ఆరున నీళ్లొస్తాయి అని వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఆరు రోజులు. ముందున్న ఇళ్లవాళ్లు తలో బిందె ఇవ్వరా అన్నాడు. ఆ మాటను సుష్మ నమ్మాలనుకుంది. పూర్తిగా నమ్మలేదు, కానీ మునిగేవాళ్లు చేతికందిన దాన్ని గట్టిదా కాదా అని చూడరు.

నాలుగుంపావుకి ఆమె లోపలికి వెళ్లింది. గీత గియ్యలేదు. పని సంతృప్తికరంగా పూర్తయినది అన్న సర్టిఫికెట్ మీద సంతకం చేసింది. పొట్టి సంతకం, ఐదు సెకన్లు కూడా పట్టలేదు. ఫణికుమార్ కింద తన సంతకం పెట్టి ముద్ర వేశాడు. క్లర్కు వచ్చి కాయితం స్కాన్ చేసి పోర్ట్‌బ్లెయిర్‌కి పంపేసి, పోయింది సార్ అన్నాడు.

నాకు ఆ పిల్ల మీద కోపంగా ఉంది. అదే బల్ల ముందు నన్ను కూర్చోబెడితే ఏం చేసేదాన్నో మాత్రం నాకు తెలియదు.

ఆమె పెన్ను మూత పెడుతుండగా ఫోన్ మోగింది. యర్రమ్మ. బస్తీలో ఎవరి ఫోనో తీసుకుని చేసింది. ఎక్కడో గాలి, ఆడవాళ్ల మాటలు, వాటి వెనక థప్పు థప్పుమని ఏదో చప్పుడు. అరవొద్దమ్మా వినబడుతోంది అని సుష్మ అంటున్నా ఆమె అలవాటు ప్రకారం గట్టిగానే మాట్లాడుతోంది.

సుష్మ పొద్దున వచ్చి ఏమీ చెప్పలేక దిగులుగా వెళ్లిపోవడం చూశానంది. అంత దూరం నుంచి రోజూ ఎండలో వస్తున్నావు, నీ ఒక్కదానికేనా కష్టం, మాకు చేతుల్లేవా అంది. పైపులో ఎక్కడో మట్టి అడ్డం పడి ఉంటుందని, అడ్డు తీసేస్తే నీళ్లు వచ్చేస్తాయని, ఆ పక్క ఇరవై రెండిళ్ల ఆడవాళ్లూ మధ్యాహ్నం నుంచీ గునపాలూ పారలూ పట్టుకుని బాట తవ్వుతున్నారట. మా ముసిలాయన వెళ్లిన దారి, తవ్వొచ్చా అని ముందు నేనే సందేహించాను, నీళ్ల కోసమే కదా ఆయన ఏమనుకోడులే అని మొదటి పోటు నేనే వేశాను అంది.

సుష్మ లేచి నిలబడింది. బల్ల అవతల ఫణికుమార్ తలెత్తి ఆమె ముఖం చూశాడు. తలుపు దగ్గర గవరయ్య కూడా లేచాడు.

"నడుం లోతు తవ్వీసినాం తల్లీ," అంది యర్రమ్మ. "ఇరవై అడుగులు పోయినాం. పైపు తగల్నేదు. నువ్వు దగ్గరుండి కొలిసి రాసినావంట గదా, గవరయ్య సెప్పినాడు. కొండేపా, బురదేపా? ఎటేపు తవ్వమంటావో సెప్పు. పొద్దుగూకక ముందే తీసీస్తాం."

ఫోనులో గునపం నేలని పొడుస్తున్న చప్పుడు ఆగలేదు.